పడవ నడపడం రాని వాళ్లకు పవర్ కేటమరాన్ సులువంటారు: అందులో ఎంత నిజం?

ఫ్లోరిడా తీరంలో ఏ పెద్ద బోట్ షోకి వెళ్లినా ఒక రకం కొనుగోలుదారులు కనిపిస్తారు. యాభై దాటిన భార్యాభర్తలు, పిల్లల చదువులు అయిపోయాయి, ఇల్లు అమ్మేసో అద్దెకిచ్చేసో ఏడాది రెండేళ్లు నీళ్ల మీద తిరగాలని కోరిక, చేతిలో డబ్బుంది, పడవ నడిపిన అనుభవం మాత్రం ఎప్పుడో సరస్సులో అద్దె బోటు తిప్పినంత. వాళ్లకి ఎవరిని అడిగినా దాదాపు ఒకే సలహా వస్తుంది: పవర్ కేటమరాన్ తీసుకోండి, ఊగదు, తిప్పడం తేలిక, ఇల్లులా ఉంటుంది. ఈ మూడు మాటల్లోనూ నిజం ఉంది, కానీ పూర్తి నిజం కాదు. మామూలు పడవ మొదటి రోజే కష్టపెడుతుంది. కేటమరాన్ ఆ కష్టాన్ని తీసేయదు, మీరు చూడని చోటికి మారుస్తుంది: బరువులోకి, వెడల్పులోకి, ఇన్సూరెన్స్ కాగితాల్లోకి.

అందుకే "లెపర్డ్ మంచిదా, అక్విలా మంచిదా" అని బ్రాండ్‌తో మొదలుపెట్టకుండా ముందు పడవ సంగతి చూద్దాం.

రెండు హల్‌లు అంటే అసలు ఏం మారుతుంది

నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. రెండు పడవలను పక్కపక్కన పెట్టి పైన బల్ల పరిస్తే, ఒక్క పడవ మీద ఎక్కించలేని కారు కూడా ఒరగకుండా నిలబడుతుంది. కేటమరాన్ సూత్రం కూడా అంతే: సన్నటి హల్‌లు రెండు (హల్ అంటే నీళ్లలో ఉండే పడవ ఒడలు), వాటిని కలుపుతూ పైన ఒక వేదిక. దీన్నే బ్రిడ్జ్‌డెక్ అంటారు. హాలు, వంటగది దాని మీద ఉంటాయి, పడక గదులు చాలావరకు హల్‌లలో ఉంటాయి. తెరచాప లేకుండా ఒక్కో హల్‌లో ఒక్కో ఇంజన్ పెడితే అది పవర్ కేటమరాన్.

ఒకే హల్ ఉన్న పడవల్లో దీనికి పోటీ వచ్చేది ముఖ్యంగా ట్రాలర్. నెమ్మదిగా, తక్కువ డీజిల్‌తో, దూరం పోయే రకం. దానికో సహజమైన వేగ పరిమితి ఉంది. పడవ కదిలినప్పుడు తనే ఒక అలను లేపుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు కూడా పెరుగుతుంది, అది పడవ పొడవంత అయ్యేసరికి పడవ తను లేపిన అల వీపునే ఎక్కాల్సిన పరిస్థితి వస్తుంది. అక్కడి నుంచి ఎంత ఇంజన్ తొక్కినా పెరిగేది డీజిల్ ఖర్చే. లెక్క ఇలా వేస్తారు: నీటి మట్టం దగ్గర పడవ పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణించాలి. పొడవు 49 అడుగులైతే వర్గమూలం 7, గుణిస్తే సుమారు 9.4 నాట్లు. ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు.

సన్నటి హల్‌కి ఈ లెక్క అంత గట్టిగా వర్తించదు. 44 అడుగుల పొడవు, నీటి మట్టం దగ్గర నాలుగున్నర అడుగుల వెడల్పు ఉన్న హల్ అంటే పొడవు వెడల్పుకి దాదాపు పది రెట్లు. ట్రాలర్‌లో ఇది మూడు రెట్ల చుట్టుపక్కల ఉంటుంది. సన్నటి హల్ నీటిని తోసేయకుండా కోసుకుంటూ పోతుంది, లేపే అల చిన్నది, కాబట్టి 9 నాట్ల దగ్గర గోడ ఉండదు. ఎనిమిదితోనూ పోవచ్చు, పదిహేడుతోనూ పోవచ్చు. కేటమరాన్ అభిమానుల వాదనంతా దీని మీదే నిలబడి ఉంది, అది న్యాయమైన వాదనే.

"ఊగదు" అనే మాటలో మిగిలిన సగం

లంగరు వేసి ఉన్నప్పుడు, పక్కనుంచి స్పీడ్‌బోటు దూసుకుపోతే ట్రాలర్ అటూ ఇటూ నాలుగైదు సార్లు ఊగి ఆగుతుంది, కేటమరాన్ ఒకసారి కుదిపి ఊరుకుంటుంది. టేబుల్ మీద కాఫీ కప్పు వదిలేసి ప్రయాణం చేయొచ్చంటారు, నిజమే, చాలా రోజులు చేయొచ్చు. సముద్రం పడనివాళ్లు ఇంట్లో ఒకరుంటే ఈ ఒక్క కారణమే చాలు.

కానీ ఊగకపోవడం వేరు, కదలకపోవడం వేరు. ట్రాలర్ ఊపు నిదానంగా, గుండ్రంగా ఉంటుంది. కేటమరాన్ కదలిక పొట్టిగా, చురుగ్గా, కుదుపులా ఉంటుంది, ఎందుకంటే రెండు హల్‌లు రెండు వేర్వేరు అలల మీద ఉంటాయి. కొందరికి ఆ ఊపు పడదు, కొందరికి ఈ కుదుపు పడదు. ఇది కాగితం మీద తేలే విషయం కాదు. పైగా ట్రాలర్ల వైపు వాదించేవాళ్లు ఒకటి సరిగ్గానే గుర్తు చేస్తారు: ఇప్పుడు ఒకే హల్ ఉన్న పడవలకు కూడా గైరోలు, ఫిన్‌లు అని ఊపు తగ్గించే పరికరాలు దొరుకుతున్నాయి. ఖరీదెక్కువ, మెయింటెనెన్స్ ఉంటుంది, పాడైతే మళ్లీ ఊపు మొదలు. కేటమరాన్ స్థిరత్వం ఆకారంలోనే ఉంది కాబట్టి స్విచ్ ఆఫ్ కావడం అనేది లేదు.

కొత్తవాళ్లను నిజంగా బెదరగొట్టేది మాత్రం వేరే ఉంది. ఎదురు అలల్లో పోతున్నప్పుడు రెండు హల్‌ల మధ్య ఎగసిన నీరు బ్రిడ్జ్‌డెక్ అడుగుకి తగులుతుంది. దాన్ని స్లామింగ్ అంటారు. కాళ్ల కింద నేలని ఎవరో సుత్తితో కొట్టినట్టు ఒక్క దెబ్బ, సొరుగులో స్పూన్లన్నీ గల్లుమంటాయి, సోఫాలో ఉన్న మనిషి ఏదో విరిగిందనుకుని లేచి నిలబడతాడు. మామూలుగా ఏమీ విరగదు. కానీ గంటల తరబడి వింటే మనిషి టెన్షన్‌తో అలసిపోతాడు. ఇది ఎంత తరచుగా జరుగుతుందన్నది ఎక్కువగా నీటికీ బ్రిడ్జ్‌డెక్ అడుగుకీ మధ్య ఉన్న ఎత్తు మీద ఆధారపడుతుంది. మెరీనాలో (పడవలు కట్టే రేవులో) డింగీలో, అంటే పెద్ద పడవకి తోడుండే చిన్న పడవలో కూర్చుని కిందికి తొంగిచూస్తే తెలిసిపోయే కొలత అది, కానీ షోలో అందరూ చూసేది ఫ్రిజ్ సైజు.

బోల్తా గురించి కూడా ఒక మాట. కేటమరాన్ తలకిందులైతే తనంతట తాను లేవదు, నిజం. అయితే అలాంటి ప్రమాదాలు ఎక్కువగా తెరచాపలున్న కేటమరాన్‌లవి, గాలికి పట్టు దొరికేది తెరచాపలో కాబట్టి. తీరం వెంబడి వాతావరణం చూసుకుని తిరిగే పవర్ కేటమరాన్‌కి దీన్ని మొదటి భయంగా పెట్టుకోవడం లెక్క తప్పడమే అని నా అభిప్రాయం.

బరువు: ఎవరూ ముందు చెప్పని లెక్క

సన్నటి హల్ వల్ల లాభం వచ్చినట్టే నష్టమూ అక్కడే వస్తుంది. సన్నగా ఉన్నది బరువు మోయలేదు. మోస్తుంది గానీ దిగిపోతుంది.

ఇందాకటి హల్‌నే తీసుకుందాం: 44 అడుగులు, నాలుగున్నర అడుగులు. చివర్లు కోసుగా ఉంటాయి కాబట్టి నీటి మట్టం దగ్గర వైశాల్యం పూర్తి దీర్ఘచతురస్రంలో ముప్పావు వంతు అనుకుంటే, ఒక హల్‌కి సుమారు 148 చదరపు అడుగులు, రెండిటికీ 297. ఉప్పునీరు ఘనపు అడుగుకి 64 పౌండ్లు. అంటే పడవని ఒక అంగుళం ముంచడానికి 1,580 పౌండ్ల చిల్లర చాలు. 42 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉన్న ట్రాలర్‌కి ఇదే లెక్క వేస్తే అంగుళానికి 2,350 పౌండ్లు వస్తుంది.

ఇప్పుడు ఖాళీ పడవలోకి సామాను ఎక్కిద్దాం. 400 గ్యాలన్ల డీజిల్, గ్యాలన్‌కి ఏడు పౌండ్లు చొప్పున 2,800. 200 గ్యాలన్ల మంచినీళ్లు, 1,660. డింగీ, దాని మోటారు, ఎత్తే క్రేన్ కలిపి ఓ 800. అదనపు బ్యాటరీలు, ఉప్పునీటిని మంచినీరు చేసే వాటర్‌మేకర్, వాషింగ్ మెషిన్, పనిముట్లు, మూడు నెలల బియ్యం పప్పులు, మనుషులు: తేలికగా ఇంకో 1,500. మొత్తం 6,760 పౌండ్లు, నాలుగు అంగుళాల పైమాట. షోలో చూసినప్పుడు బ్రిడ్జ్‌డెక్ కింద 28 అంగుళాలు ఉంటే ప్రయాణం మొదలయ్యేసరికి 24 కూడా మిగలదు, స్లామింగ్ పెరుగుతుంది, బ్రోషర్‌లో రాసిన టాప్ స్పీడ్ కూడా తగ్గుతుంది. బ్రోషర్ వేగాలు తేలికపాటి పడవతో కొలిచినవా, నిండు పడవతో కొలిచినవా అన్నది అందుకే అంత ముఖ్యం, తరచూ చిన్న అక్షరాల్లో ఉండేదీ అదే.

దీనికి కంపెనీల జవాబు కూడా ఉంది: హల్ కొంచెం వెడల్పు చేస్తే బరువు మోస్తుంది, గదులూ విశాలం అవుతాయి. అవును, కానీ అప్పుడు సన్నదనం వల్ల వచ్చే లాభం తగ్గుతుంది. కెనడాలో తయారైన పీడీక్యూ 34 లాంటి పాత చిన్న పడవలు సన్నదనం వైపు మొగ్గాయి, ఇప్పటి పెద్ద మోడళ్లు చాలావరకు గదుల వైపు. రెండూ కేటమరాన్‌లే, నడిచే తీరు మాత్రం వేరు.

మీరు నిజంగా ఏ వేగంతో పోతారు?

ఇది వినడానికి చిన్న ప్రశ్న. ఉదాహరణకి రెండు 300 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్లున్న 45 అడుగుల పడవ అనుకోండి. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి. 8 నాట్ల వేగంతో గంటకి 6 గ్యాలన్లు, 17 నాట్లతో గంటకి 32 గ్యాలన్లు. మైలుకి చూస్తే మొదటిది 0.75 గ్యాలన్, రెండోది దాదాపు 1.9. వెయ్యి నాటికల్ మైళ్లకు 750 గ్యాలన్లా, 1,880 గ్యాలన్లా అన్నమాట. గ్యాలన్ నాలుగున్నర డాలర్లయితే 3,375 డాలర్లు, 8,460 డాలర్లు. ట్యాంకులో 500 గ్యాలన్లు పట్టి, అందులో ఐదో వంతు ముట్టకుండా ఉంచితే, నెమ్మదిగా 530 మైళ్లు వెళ్తారు, వేగంగా అయితే 210.

చాలామంది వేగం కోసం కొని, మొదటి రెండు డీజిల్ బిల్లుల తర్వాత ఎనిమిది నాట్లకు దిగుతారు. అప్పుడు ట్రాలర్ వాళ్లు నవ్వుతారు, ఆ వేగంతో మేమూ పోతాం కదా అని. కానీ వేగం రోజూ వాడకపోయినా అవసరమైన రోజున ఉండటానికీ ఒక విలువ ఉంది, అది కింది ఉదాహరణలో తేలుతుంది.

మయామీ నుంచి బహామాస్‌లోని బిమినీ సుమారు 50 నాటికల్ మైళ్లు. మధ్యలో గల్ఫ్ స్ట్రీమ్, ఉత్తరానికి పారే సముద్ర ప్రవాహం. సగటున రెండున్నర నాట్లు అనుకుందాం. 8 నాట్లతో పోతే తిన్నగా తూర్పుకి చేరడానికి పడవ ముఖాన్ని దక్షిణం వైపు సుమారు 18 డిగ్రీలు తిప్పి పట్టుకోవాలి, అసలు ముందుకు సాగే వేగం 7.6, ప్రయాణం ఆరున్నర గంటల పైన. 17 నాట్లతో అయితే తొమ్మిది డిగ్రీల లోపే, మూడు గంటల్లో అవతల ఉంటారు. ఉత్తరం నుంచి గాలి వీస్తే ప్రవాహానికి ఎదురై అలలు నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తాయి. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఆ రోజు రేవులోనే ఉండిపోతారు. గాలి అనుకూలంగా ఉండే వ్యవధి ఐదు గంటలే ఉన్నప్పుడు మూడు గంటల పడవకి అందులో చోటుంటుంది, ఆరున్నర గంటల పడవకి ఉండదు. అలాగని అల లేచాక కేటమరాన్ పదిహేడుతో పోగలదనుకోవద్దు, స్లామింగ్ దెబ్బలకి అదీ తొమ్మిదికో పదికో దిగాల్సిందే.

రేవులో: తిప్పడం తేలిక, పట్టడం కష్టం

కొత్తవాళ్లకి అసలు భయం సముద్రం కాదు, అందరూ చూస్తుండగా మెరీనాలో పడవ కట్టడం. ఇక్కడ కేటమరాన్‌కి నిజంగా ఒక వరం ఉంది. రెండు ఇంజన్లు పన్నెండు పదిహేను అడుగుల ఎడంగా ఉంటాయి. స్టీరింగ్ మధ్యలో వదిలేసి, ఎడమ లీవర్ ఒక్క క్లిక్ ముందుకి, కుడిది ఒక్క క్లిక్ వెనక్కి వేస్తే పడవ ఉన్నచోటే కుడివైపుకి తిరుగుతుంది. మళ్లీ రెండూ న్యూట్రల్, ఒక్క క్షణం ఆగడం, చూడటం, మళ్లీ ఒక క్లిక్. ఒకే ఇంజన్ ఉన్న ట్రాలర్ మీద ఇది వంటబట్టడానికి పట్టే కాలంతో పోలిస్తే ఇది చాలా త్వరగా వస్తుంది.

అయితే ఎత్తైన పక్కలు, లోతు తక్కువ అడుగు. నీటికి పట్టు తక్కువ, గాలికి పట్టు ఎక్కువ. పక్క గాలి ఇరవై నాట్లు వీస్తుంటే న్యూట్రల్‌లో ఆగి ఆలోచించుకునే ఆ క్షణం దొరకదు. పై అంతస్తులో ఒక పక్కన కూర్చుని నడిపే మనిషికి రెండో వైపు వెనక మూల కనిపించదు, అందుకే కెమెరాలు, ఇద్దరి చెవులకీ హెడ్‌సెట్లు. ఆ హెడ్‌సెట్లకి అక్కడి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు మ్యారేజ్ సేవర్స్, డాక్ మీద అరుపులు విన్నవాళ్లకి వివరించక్కర్లేదు.

ఇక వెడల్పు. 45 అడుగుల కేటమరాన్ 21 నుంచి 24 అడుగుల వెడల్పు ఉండటం మామూలే. మామూలు స్లిప్‌లో (డాక్ పక్కన ఒక్కో పడవకి కేటాయించే చోటులో) అది పట్టదు, డాక్ చివర అడ్డంగా కట్టే చోటు కావాలి, కొన్ని మెరీనాలు రెండు హల్‌లున్నందుకు ఒకటిన్నర రెట్లు అద్దె తీసుకుంటాయి. అడుగుభాగం శుభ్రం చేసి రంగు వేయడానికి పడవని పైకెత్తే లిఫ్ట్ అంత వెడల్పుది అన్ని యార్డుల్లోనూ ఉండదు. ట్రాలర్ యజమాని నాలుగు యార్డుల్లో బేరం ఆడగలిగితే మీకు ఉన్నది ఒకటే కావచ్చు.

ఎత్తు కూడా అంతే. అమెరికా తూర్పు భాగాన్ని నదులు, కాలువలు, గ్రేట్ లేక్స్ మీదుగా చుట్టివచ్చే గ్రేట్ లూప్ సుమారు 6,000 మైళ్లు, కొత్తవాళ్లలో చాలామంది కల అదే. చికాగో దిగువన సుమారు 19న్నర అడుగుల ఎత్తులో కదలని వంతెన ఒకటుంది, లూప్ పూర్తి చేయాలంటే దాని కింద దూరకుండా దారి లేదు. యాంటెనా మడవొచ్చు, పై అంతస్తు పైకప్పు మడవలేరు. కెనడాలో ట్రెంట్ సెవర్న్ దారిలో పడవలను పట్టాల మీద మోసే బిగ్ చూట్ దగ్గర వెడల్పు పరిమితి 24 అడుగులు, దానికైతే వేరే దారులున్నాయి. బహామాస్‌లో ఈ ఎత్తు వెడల్పుల గోల లేదు, అక్కడ లోతు తక్కువ, మూడు నాలుగు అడుగుల నీటిలో తేలే కేటమరాన్ అక్కడ రాజా. ఒకే పడవ ఒక కలకి సరిగ్గా సరిపోయి ఇంకో కలకి ఒక్క అడుగు ఎత్తు ఎక్కువైనందువల్ల పనికిరాకుండా పోతుంది.

లైసెన్స్ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ కావాలి

ఫ్లోరిడా చట్టం ప్రకారం 1988 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి 10 హార్స్‌పవర్, ఆ పైన ఉన్న పడవ నడపాలంటే బోటింగ్ సేఫ్టీ కోర్సు కార్డు ఉండాలి. అంతకంటే పెద్దవాళ్లకి అదీ అక్కర్లేదు. అంటే అరవై ఏళ్ల మనిషి నిన్న కొన్న 50 అడుగుల పడవని ఇవాళ ఒంటరిగా బయటికి తీయొచ్చు, చట్టం ఆపదు. ఆపేది ఇన్సూరెన్స్ కంపెనీ. ఇంతకుముందు ఎంత పొడవు పడవ నడిపారు, ఎన్నేళ్లు, ఏ నీళ్లలో అని అడుగుతారు. 20 అడుగుల నుంచి 48కి ఎగిరితే చాలా కంపెనీలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా లైసెన్స్ ఉన్న కెప్టెన్ ఇన్ని గంటలు పక్కన ఉండి నేర్పి సంతకం పెట్టాలంటారు. జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు హరికేన్ సీజన్‌లో పడవ ఎక్కడుంటుందో ప్లాన్ రాసిమ్మంటారు. లోన్ ఇచ్చే బ్యాంకు ఇన్సూరెన్స్ లేనిదే కదలదు. కాబట్టి "ఎంత పెద్దది కొనాలి" అనే ప్రశ్నకి జవాబు మీకంటే ముందు వాళ్ల దగ్గర ఉంటుంది.

చిన్నదానితో మొదలుపెట్టాలా, ఒకేసారి కావలసినదే కొనాలా అనే పాత గొడవ కూడా ఇక్కడికే వస్తుంది. రెండుసార్లు కొంటే రెండుసార్లు పన్ను, బ్రోకర్ కమీషన్, సర్వే ఖర్చు, అందుకని ఒకేసారి కొనమంటారు కొందరు. ఫ్లోరిడా రాష్ట్ర అమ్మకపు పన్నుకి 18,000 డాలర్ల పరిమితి ఉంది, 6 శాతం లెక్కన మూడు లక్షల డాలర్లు దాటాక పన్ను పెరగదు, ఇదీ పెద్ద పడవ వైపే లాగుతుంది. రెండో పక్షం మాట: చిన్న పడవ మీద చేసిన తప్పుకి జెల్‌కోట్ (పడవ పై పూత) మీద గీత, పెద్దదాని మీద అదే తప్పుకి పక్క పడవ ఓనర్‌తో క్లెయిమ్. 36 అడుగుల దగ్గర రెండేళ్లు గడిపితే ఇన్సూరెన్స్ ఫారంలో రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది. నాకు రెండో వాదనే బలంగా అనిపిస్తుంది, వయసు అరవై ఐదు దాటిన వాళ్ల విషయంలో తప్ప. వాళ్లకి ఆ రెండేళ్లు నిజంగానే ఖరీదైనవి.

అమెరికాలోని మనవాళ్లకి ప్రత్యేకంగా ఒకటుంది. పడవని కోస్ట్ గార్డ్ దగ్గర డాక్యుమెంటేషన్ (దేశ స్థాయి నమోదు) చేయించాలంటే యజమాని అమెరికా పౌరుడై ఉండాలి. గ్రీన్‌కార్డ్ చాలదు, హెచ్-1బి సంగతి చెప్పక్కర్లేదు. రాష్ట్ర రిజిస్ట్రేషన్ దొరుకుతుంది, పడవ మీదవుతుంది, కానీ పెద్ద లోన్లకి చాలా బ్యాంకులు డాక్యుమెంటేషన్ అడుగుతాయి.

కొత్తదా, పాతదా, చార్టర్‌లో తిరిగిందా

లెపర్డ్ పడవలు దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో, అక్విలా చైనాలోని హాంగ్‌జౌలో, ఫౌంటేన్ పాజో ఫ్రాన్స్‌లో, హొరైజన్ తైవాన్‌లో తయారవుతాయి. అంటే అమెరికాలో కొనేవాళ్లకి కొత్త పడవ ధరలో దిగుమతి సుంకం కూడా కలుస్తుంది, 2025 నుంచి ఆ సుంకాలు ఎన్నిసార్లు మారాయో చూస్తూనే ఉన్నాం. అందువల్ల పాతవాటి మీదికి చూపు మళ్లడం సహజం.

పాతవాటిలో బాగా కనిపించేవి కరీబియన్‌లో, ముఖ్యంగా బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో, మూరింగ్స్ లాంటి కంపెనీల చార్టర్ ఫ్లీట్‌లో (అద్దెకిచ్చే పడవల్లో) తిరిగి బయటికి వచ్చినవి. వీటి మీద రెండు అభిప్రాయాలు. క్రమం తప్పకుండా సర్వీస్ అయిన పడవ, ధర తక్కువ, ఇది ఒకటి. వారం వారం కొత్త చేతులు నడిపిన పడవ, ఇది రెండోది. రెండూ నిజమే. గదుల అమరికలో కూడా తేడా ఉంటుంది: చార్టర్ వెర్షన్‌లో నాలుగు గదులు, నాలుగు బాత్రూమ్‌లు. ఓనర్ వెర్షన్‌లో ఒక హల్ మొత్తం ఒకే పడకగది. ఇద్దరే ఉండేవాళ్లకి నాలుగు బాత్రూమ్‌లంటే రిపేర్ చేయడానికి నాలుగు పంపులు.

ఏడాది ఖర్చు పడవ ధరలో పది శాతం అనే సూత్రం అందరూ చెబుతారు. కొత్త పడవకి ఫర్వాలేదు గానీ, ఇరవై ఏళ్ల పడవ రెండు లక్షల డాలర్లకే దొరికిందని ఇరవై వేలు పక్కన పెట్టుకుంటే సరిపోదు. ధర తగ్గింది, ఇంజన్ల సంఖ్య తగ్గలేదు. రెండు ఇంజన్లు, రెండు గేర్‌బాక్స్‌లు, ఒక జనరేటర్ అలాగే ఉన్నాయి.

కొనే ముందు సర్వేయర్ పడవని నీళ్లలోంచి పైకెత్తించి, సుత్తితో తడుతూ, తేమ మీటర్‌తో డెక్ లోపలి పొర తడిసిందేమో చూస్తాడు. ఇంజన్లకి విడిగా మెకానిక్ వస్తాడు, ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి వెళ్తుంది. చార్టర్ పడవల దగ్గర జనరేటర్ గంటలు కూడా చూస్తారు. ప్రధాన ఇంజన్లు 1,800 గంటలు నడిచి ఉంటే జనరేటర్ 5,000 దాటి ఉండటం వింతేమీ కాదు, అద్దెకి తీసుకున్నవాళ్లు రాత్రంతా ఏసీ ఆపరు కదా.